శ్రుతి తప్పితే సొమ్ము వాపసా?

మా పిడుగురాళ్లలో తగువులకు కరువులేదు. సున్నపుబట్టీల దుమ్ము మీద, మిరపకాయల రేటు మీద, పత్తిలో తేమ మీద, కుళాయి నీళ్ళ మీద ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. కాని పాట మీద తగువు రావడం మాత్రం ఇదే మొదలు. అందులోనూ చీటీ పాట దగ్గర! నెలకోసారి మా వీధి ఆడవాళ్ళం కలుసుకునే ఆ చీటీ పాట కాస్తా ముగిసేసరికి, అసలు పాట సంగతి మొదలయింది.

సంగతేమిటంటే, మా వీధివాళ్ళు నలుగురు ఓ పేరున్న సినిమా గాయకుడి కచేరీకి హైదరాబాదు వెళ్ళొచ్చారు. టిక్కెట్టు మూడువేలు. అదీ వెనక వరసలకి. ఆయన ఒక పాటలో రెండో చరణం మరిచిపోయారట. ఇంకో పాటలో పైస్థాయి అందక గొంతు చీలిందట. కష్టమైన చోటల్లా మైకు జనంవైపు తిప్పి "మీరు పాడండి" అన్నారట. నలుగురూ ఒకే బస్సులో వెళ్ళి, ఒకే వరసలో కూర్చుని, ఒకే బస్సులో తిరిగొచ్చారు. ఊళ్ళో దిగేసరికి రెండు పార్టీలయ్యారు. ఒకటి డబ్బు పార్టీ, రెండోది దణ్ణం పార్టీ. నేను కచేరీకి వెళ్ళలేదు గనకా, నవలలు రాస్తాను గనకా, నన్ను తీర్పరిగా కూర్చోబెట్టారు. తీర్పు ఆ పూట చెప్పలేదు. ఇంటికొచ్చి ఆలోచించుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ వీధిలోనూ ఇలాంటి తగువు ఉండే ఉంటుంది.

ముందు డబ్బు పార్టీ మాట విందాం. వాళ్ళ నాయకురాలు మా ఎదురింటి వదినగారు. ఆవిడ లెక్కల మనిషి.

"చూడమ్మా, టిక్కెట్టు మూడువేలు. రానూపోనూ ఛార్జీలు. రాత్రికి చుట్టాలింట్లో దిగితే ఉత్తచేతుల్తో పోలేం గదా, పళ్ళూ స్వీట్లూ. అంతా కలిపి ఐదువేలు దాటింది. పట్టుచీరలో పోగు తెగుంటే తిరిగిచ్చేస్తాం. మిక్సీ కొంటే ఏడాది గ్యారంటీ ఇస్తాడు. మరి పాటకి మాత్రం గ్యారంటీ ఉండొద్దా? అట్టా తప్పులు పాడేదానికి మూడువేలెందుకు? మన రామాలయంలో భజనోళ్ళు ఉత్తినే పాడతారు తప్పులు!"

నవ్వొచ్చినా ఈ మాట తీసిపారేసేది కాదు. మూడువేలంటే మా పక్క మిరపకాయల కోతకు వెళ్ళే మనిషికి వారం పదిరోజుల కూలి. మధ్యతరగతి ఇల్లాలు తన సంతోషం కోసమని ఐదువేలు ఒక్కపూటలో ఖర్చు పెట్టిందంటే, దాని వెనక ఎన్నాళ్ళు చిల్లర కూడబెట్టి ఉంటుందో మనకు తెలుసు. పిల్లల ఫీజుకో, ఆయనగారి కళ్ళజోడుకో వెళ్ళాల్సిన సొమ్ము అది. ఆవిడ కోపంలో సగం గాయకుడి మీదైతే, సగం తనమీద తనకే. "అనవసరంగా ఖర్చు పెట్టానా?" అన్న శంక పాపం చరణం కన్నా ఎక్కువ బాధిస్తుంది.

చట్టం కూడా వదినగారివైపే ఉన్నట్టు కనిపిస్తుంది. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోనూ "సేవ" అన్న మాటకిచ్చిన అర్థంలో వినోదం కూడా ఉంది. సేవలో లోపముంటే పరిహారం అడగొచ్చు. కాని శ్రుతి తప్పడం సేవలో లోపమా కాదా అని తేల్చాలంటే జడ్జీగారు తంబురా పట్టుకుని కూర్చోవాలి. ఏ పాటలో ఎన్ని అపస్వరాలకు ఎంత వాపసు? గాంధారం జారితే వందా, నిషాదం జారితే యాభయ్యా?

ఇక దణ్ణం పార్టీ. వీళ్ళ నాయకురాలు టీచరు ఉద్యోగం చేసి రిటైరయిన పిన్నిగారు. "అట్టా అంటావేంటమ్మా! ఆయనేమైనా యంత్రమా? ఆ గొంతు విని మనం ఎన్ని కష్టాలు మరిచిపోయాం! నా మటుకు నాకు ఆయన స్టేజీ మీద నుంచుంటే చాలు, దణ్ణం పెట్టుకొచ్చా" అంటారావిడ.

ఈ మాటలో ప్రేమ ఉంది. కాదనను. కాని కాస్త ప్రమాదమూ ఉంది. దేవుడికైతే దర్శనమే ఫలం. కళాకారుడికి దర్శనమే చాలంటే ఇక ఆయన సాధన చేయడం ఎందుకు? వేలమంది చూసి చేతులు జోడించి వెళ్ళిపోయేటట్టయితే, ఆయన రెండో చరణం చూసుకోవడం మాత్రం ఎందుకు? అతిగా ముద్దుచేస్తే పిల్లలే కాదు, పెద్ద పెద్ద గాయకులూ పాడవుతారు.

అసలు ఖరీదుకూ, తప్పుకూ లంకె ఎప్పుడు పడింది? మన ప్రాంతంలో పాటకు గిరాకీ కొత్త కాదు. ఉమ్మడి గుంటూరు జిల్లా పద్యనాటకానికి పుట్టిల్లులాంటిది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు మగవాడై ఉండి దశాబ్దాలపాటు సత్యభామగా జనాన్ని మురిపించారు. సుద్దపల్లిలో పుట్టిన కళ్యాణం రఘురామయ్యగారు పద్యంతోపాటు ఈల కూడా పాడి "ఈలపాట రఘురామయ్య" అయ్యారు. హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం కవిగారూ మన జిల్లావారే. ఇక తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం పద్యాలు, చదువురానివాళ్ళ నోట కూడా నిలిచాయి.

ఆ నాటకాలకు శ్రీరామనవమి పందిట్లో టిక్కెట్టు ఉండేది కాదు. చాపో, గోనెపట్టానో ఇంటినుంచి తెచ్చుకుని కూర్చోవడమే. అయితే ఉచితం గదా అని ఆ జనం తప్పుల్ని ఊరుకునేవాళ్ళనుకుంటున్నారా? అబ్బే! పద్యం జనానికే కంఠతా వచ్చు. నటుడు ఒక పాదం మింగేస్తే ముందు వరసలోని ముసలాయన దాన్ని అందించేవాడు. రాగం పండితే "వన్స్‌మోర్" అని కేకలు, పదిరూపాయల చదివింపులు, ఆ సంగతి మైకులో ప్రకటనలు. చచ్చిపడిన పాత్ర లేచి పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిన కథలు ప్రతి ఊళ్ళోనూ చెప్పుకుంటారు. అంటే నిక్కచ్చిగా వినడానికి మూడువేల టిక్కెట్టు అక్కర్లేదన్నమాట. చెవి ఉంటే చాలు.

ఇందులో ఇంకో చిత్రముంది. కంట్రాక్టు నాటకాల్లో ఒకే పాత్రను ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు వేసేవారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రాల్లో పేర్లు వేసేవారు. తెల్లవార్లూ పద్యాలు పాడాలంటే ఒక గొంతు చాలదు మరి. మనిషి గొంతుకు హద్దుందని కంట్రాక్టరుకు తెలుసు, జనానికీ తెలుసు. అందుకే గొడవ ఎప్పుడొచ్చేదంటే, కరపత్రంలో పేరు వేసిన నటుడు రానప్పుడు. వచ్చిన నటుడికి జలుబు చేసి గొంతు బొంగురుపోతే గొడవ లేదు. "పాపం, మొన్నటినుంచీ వరసగా నాటకాలు" అని సానుభూతి. హార్మోనిస్టు ఆ జారిన స్వరాన్ని తన మెట్ల మీద ఎత్తిపట్టుకునేవాడు. మాట తప్పడం వేరు, గొంతు తప్పడం వేరు అన్న వివేకం ఆ చాపల మీద కూర్చున్న జనానికి ఉంది. మూడువేల కుర్చీల్లో కూర్చున్న మనకు అది కాస్త తగ్గిందేమోనని నా అనుమానం.

ఇంకా వెనక్కి వెళదాం. మాకు దగ్గర్లోనే కారెంపూడి ఉంది. కార్తీక అమావాస్యకు అక్కడ పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. బ్రహ్మనాయుడి కథ, బాలచంద్రుడి కథ వీరవిద్యావంతులు పాడతారు. శ్రీనాథుడి పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్రను 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు అచ్చువేయించారు. జీన్ రోఘైర్ అనే అమెరికా పండితుడు ఇక్కడికొచ్చి, పాడేవాళ్ళ నోటినుంచి కథంతా విని, 1982లో పెద్ద పుస్తకమే వేశారు. ఇలా నోటిమీద బతికే కథ ఏ రాత్రి పాడితే ఆ రాత్రిది. వినేవాళ్ళ ఓపికనుబట్టి ఒక ఘట్టం పెరుగుతుంది, ఇంకోటి తగ్గుతుంది. అచ్చుపుస్తకం పట్టుకుని పక్కన కూర్చుని "ఇదిగో ఇక్కడ మాట తప్పావు" అంటే ఆ గాయకుడు నవ్విపోతాడు. తప్పు అనాలంటే ముందు ఒప్పు అంటూ ఒకటి ఎక్కడో స్థిరంగా ఉండాలి గదా!

మరి సినిమా పాటకు ఆ ఒప్పు ఎక్కడుంది? రికార్డులో ఉంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. పాతకాలం గ్రామఫోను ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు. ఆ మూడు నిమిషాల కోసం ఎన్ని రిహార్సల్సో, ఎన్ని టేకులో. ఇప్పుడైతే ఆ కష్టం కూడా లేదు. పల్లవి ఒకరోజు, చరణం ఇంకోరోజు పాడొచ్చు. జారిన స్వరాన్ని యంత్రమే ఎత్తి పైమెట్టు మీద కూర్చోబెడుతుంది. అలా కూర్చి, దిద్ది, మెరుగుపెట్టిన పాటను మనం వంటింట్లో వెయ్యిసార్లు వింటాం. ఊపిరి ఎక్కడ పీల్చారో కూడా మనకు బట్టీ. ఆ చెవులతో కచేరీకి వెళ్ళి, ఎదురుగా చెమటలు కక్కుతున్న మనిషి గొంతును ఆ రికార్డు పక్కన పెట్టి తూస్తాం. తక్కువే తూగుతుంది. తూగక ఏంచేస్తుంది?

పోనీ, అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడారనుకోండి. అప్పుడేమంటాం? "ఇంట్లో పాట పెట్టుకుని విన్నట్టే ఉంది, దీనికి ఇంతదూరం రావాలా?" అంటాం. ఇలా రెండువైపులా పదునున్న కత్తి పట్టుకుని కూర్చుంటే గాయకుడు ఎటు తిరుగుతాడు?

మీకో సంగతి చెప్పాలి. నేను రాసే వాక్యం నాకు నచ్చకపోతే కొట్టేస్తాను. మళ్ళీ రాస్తాను. నాలుగోసారికి కుదిరినదాన్ని మీరు చదివి "ఎంత సులువుగా రాసిందో" అంటారు. వేదికమీద పాడేవాళ్ళకు కొట్టివేత లేదు. నోరు దాటిన స్వరం జనంలోకి వెళ్ళిపోయినట్టే. ఆ సాహసాన్ని చూడ్డానికే మనం కచేరీకి వెళతాం. పడతాడేమోనన్న భయం లేకపోతే దొమ్మరివాడి తాడుకింద జనం పోగవరు గదా!

అలాగని తప్పులన్నీ ముద్దే అంటే నేనొప్పుకోను. నా లెక్కలో మూడు మాటలున్నాయి. తప్పు, అశ్రద్ధ, మోసం. మా చీటీ పాట దగ్గర రెండు పార్టీలవాళ్ళూ ఈ మూడింటినీ కలిపి ఒకే గంపలో వేశారు. తగువు తెగకపోవడానికి కారణం అదే.

తప్పు అంటే ఏమిటో చెబుతాను. 2016 డిసెంబరు 10న స్టాక్‌హోంలో నోబెల్ బహుమతుల సభ జరిగింది. సాహిత్య బహుమతి వచ్చిన బాబ్ డిలన్ స్వయంగా వెళ్ళలేదు. ఆయన పాటను పాటీ స్మిత్ అనే గాయని పాడింది. డెబ్భై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి, రాజుగారి ఎదుట, ప్రపంచమంతా చూస్తుండగా మధ్యలో మాటలు మరిచిపోయింది. ఆగిపోయి, క్షమించమని అడిగి, చాలా కంగారుగా ఉందని దాచుకోకుండా చెప్పి, మళ్ళీ అందుకుంది. సభలో చప్పట్లు మోగాయి. ఆ తప్పు దొర్లకపోయుంటే ఆ పాటను ఇంతమంది ఇన్నాళ్ళు తలుచుకునేవారా అంటే, అనుమానమే.

అంతకుముందెప్పుడో 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ నగరంలో కీత్ జారెట్ అనే పియానో విద్వాంసుడి కచేరీ ఏర్పాటయింది. ఏర్పాటు చేసింది ఇరవయ్యేళ్ళయినా నిండని అమ్మాయి, వేరా బ్రాండెస్. ఆయన కోరిన పియానోకు బదులు ఓ చిన్న, పాడుబడ్డ పియానో వేదికమీద ఉంది. పైమెట్లు కీచుమంటున్నాయి, కిందిమెట్లకు బలం లేదు. ఆయన వాయించనని వెళ్ళిపోబోతే, ఆ పిల్ల బతిమాలి ఒప్పించింది. ఆ లోపాల్ని తప్పించుకుంటూ, ఉన్న మంచి మెట్లమీదే తిరుగుతూ ఆయన అప్పటికప్పుడు అల్లుకున్న సంగీతం రికార్డుగా వచ్చి లక్షలకొద్దీ అమ్ముడుపోయింది. వంటింట్లో ఉన్నవాటితోనే చుట్టాలకు విందుభోజనం పెట్టిన ఇల్లాలికి ఆ కచేరీ మర్మం వేరే చెప్పక్కర్లేదు.

గొంతు బొత్తిగా సహకరించనప్పుడు ఏంచేయాలి? 1958 జనవరి 2న రోము నగరంలో మారియా కల్లాస్ అనే మహాగాయని ఒపేరాలో మొదటి అంకం పాడి, ఇక పాడలేనని ఆగిపోయింది. ఆ సభలో ఇటలీ అధ్యక్షుడే కూర్చుని ఉన్నారు. జనం మండిపడ్డారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆవిడ స్థానంలో పాడ్డానికి వేరే గాయనిని సిద్ధంగా ఉంచుకోలేదు మరి. మన నాటకాల కంట్రాక్టరుకున్న లౌక్యం అంత పెద్ద ఒపేరావాళ్ళకు లేకపోయింది. వాళ్ళకు రెండో కృష్ణుడు లేడు! అలాంటప్పుడు శ్రోత సొమ్ముకు జవాబు చెప్పాల్సింది ఎవరు? జబ్బుపడిన గొంతా, ముందుచూపు లేని నిర్వాహకులా?

ఇక రెండోది అశ్రద్ధ. చరణం మరిచిపోవడం తప్పు. కాని పాడబోయే పాటల్ని ఒక్కసారైనా చూసుకోకుండా రావడం అశ్రద్ధ. ఎదురుగా మాటల కాగితం పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు. నలభైవేల పాటలు పాడారని చెప్పుకునే బాలసుబ్రహ్మణ్యంగారే వేదికమీద ఎదురుగా స్టాండు పెట్టుకుని, మాటలు చూసుకుంటూ పాడేవారు. 1996లో మొదలైన "పాడుతా తీయగా"లో పిల్లలకు ఉచ్చారణ నేర్పిన మనిషి ఆయన. మాటమీద గౌరవమున్నవాళ్ళు కాగితం పెట్టుకుంటారు. లేనివాళ్ళు మైకు జనంవైపు తిప్పుతారు. జనంచేత పాడించడం ఒకటి రెండుసార్లయితే సరదా. కష్టమైన చోటల్లా తిప్పితే మాత్రం మూడువేలు మనమే ఇచ్చి, పాట కూడా మనమే పాడినట్టు.

మూడోది మోసం. వెనక రికార్డు తిరుగుతుంటే పెదాలు కదపడం. మిల్లీ వనిల్లీ అని ఇద్దరు కుర్రాళ్ళు లోకాన్ని ఊపేశారు. 1989లో అమెరికాలో ఒక ప్రదర్శన మధ్య టేపు చిక్కుకుపోయి అదే ముక్క మళ్ళీ మళ్ళీ తిరిగింది. తర్వాత తేలిందేమంటే, వాళ్ళ రికార్డుల్లో ఉన్న గొంతులే వాళ్ళవి కావు. 1990లో వాళ్ళకిచ్చిన గ్రామీ బహుమతి వెనక్కి తీసుకున్నారు. కొన్నవాళ్ళకు కొంత సొమ్ము వాపసు ఇవ్వాల్సి వచ్చింది కూడా. ఆలోచించండి. వాళ్ళ పాటలో అపస్వరం ఒక్కటి లేదు. దోషం లేని పాటే! అయినా సొమ్ము వాపసు ఇచ్చారు. పాటీ స్మిత్ పాటలో దోషముంది, చప్పట్లు పడ్డాయి. టిక్కెట్టు కొన్నది దేనికో ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. ఒక మనిషి మనముందు నుంచుని నిజంగా పాడుతున్నాడన్న నమ్మకానికి మనం డబ్బిస్తాం.

ఇంతకీ దోషం లేకుండా ఉండి తీరాల్సినవి కొన్నున్నాయి. అవి గాయకుడి చేతిలో లేవు. 2023 సెప్టెంబరు 10న మద్రాసు శివార్లలో ఎ.ఆర్. రెహమాన్‌గారి కచేరీ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆగస్టులో వాన వల్ల వాయిదాపడి ఆరోజు జరిగింది. టిక్కెట్లు కొన్నవాళ్ళు వేలమంది లోపలికి పోలేక, తొక్కిసలాటలో నలిగిపోయి, పిల్లలు తప్పిపోయి ఏడ్చారు. ఆడవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తించారని ఫిర్యాదులొచ్చాయి. లోపలివాళ్ళు మాత్రం పాట బాగుందన్నారు. రెహమాన్‌గారు విచారం వెలిబుచ్చి, లోపలికి రాలేకపోయినవాళ్ళ టిక్కెట్ల వివరాలు పంపమన్నారు. స్వరం జారితే దాన్ని క్షమించడానికి మనసుంటే చాలు. కుర్చీ దొరకకపోతే, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేకపోతే, రాత్రి పదకొండింటికి చీకట్లో బస్టాండుదాకా నడవాల్సివస్తే దేన్ని క్షమించాలి? చిత్రమేమంటే, మా చీటీ పాటలో రెండో చరణం గురించి గంట వాదించినవాళ్ళు, ఆ మైదానంలో ఆడవాళ్ళకోసం ఉన్న నాలుగు దొడ్ల ముందు ముప్పావుగంట నుంచున్న సంగతి చివర్లో, అదేదో మామూలేనన్నట్టు చెప్పారు. వదినగారూ, వాపసు అడగాల్సింది దీనికండీ!

అలాగే ఏం పాడతామని చెప్పారో అది పాడాలి. 2017లో బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడవద్దని ఇళయరాజాగారి తరఫున లాయరు నోటీసు వచ్చింది. బాలుగారు ఆ సంగతిని శ్రోతలకు తానే బాహాటంగా చెప్పి, ఆ పాటలు పక్కనపెట్టి మిగతావి పాడారు. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక ఎక్కారనుకోండి. నాకు నచ్చింది మాత్రం ఆ ముందుగా చెప్పడం. మారింది అని ముందే చెబితే అది మర్యాద. మూడోపాట అయ్యాక మనమే కనిపెట్టాల్సి వస్తే అది అవమానం.

ఇప్పుడు ఈ తగువులో నా మనసును అసలు కలతపెట్టిన సంగతికి వస్తాను. పెద్ద గాయకుడికి మన కోపం తగలదు. మర్నాడు ఇంకో ఊళ్ళో కచేరీ, ఇంకో పదివేలమంది. మన నిర్దోషపు కొలబద్ద ఎవరి వీపున పడుతుందంటే, చిన్నవాళ్ళ వీపున. మా పక్క పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో ఆర్కెస్ట్రాతో పాడే ఓ అమ్మాయి ఉండేది. పేరెందుకు. డిగ్రీ చదువుతూ, పాడి వచ్చిన డబ్బుతో ఫీజు కట్టుకునేది. ఒక పెళ్ళిలో రాత్రి ఒంటిగంటకు, దుమ్మూ పొగా మింగిన గొంతుతో, ఎవరో పట్టుబట్టి అడిగిన పాట ఎత్తుకుంది. పైస్థాయిలో గొంతు కీచుమంది. అర నిమిషం. ఎవడో దాన్ని ఫోనులో పట్టి, నవ్వుబొమ్మలు తగిలించి ఊరంతా తిప్పాడు. ఆ అరనిమిషం చూసి నవ్వినవాళ్ళలో, అదే వారం పెద్దాయన చీలిన గొంతుకు "మనిషే గదా" అని దణ్ణం పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ అమ్మాయి తర్వాత పాడ్డం మానేసింది. బట్టలకొట్లో కూర్చుంటోందిప్పుడు.

మూడువేలు తీసుకున్నాయన తప్పుకు భక్తి, రాత్రికి ఏ వెయ్యో తీసుకున్న పిల్ల తప్పుకు వెకిలినవ్వు. ఈ తక్కెడలో రాళ్ళు సరిచూసుకోవాల్సింది మనం కాదా? ఆడపిల్ల కూరలో ఉప్పు ఒక్కరోజు ఎక్కువైతే పదేళ్ళు చెప్పుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళం. దోషం లేకుండా ఉండమనే ఆజ్ఞ ఎంత బరువో మగవాళ్ళకన్నా మనకే బాగా తెలియాలి.

శ్రోతకూ కొంత బాకీ ఉంటుంది. మన పక్క పెళ్ళిళ్ళలో నాదస్వరం చూడండి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాగారు శ్రీరంగం వెళ్ళి, తంజావూరు సీమవాళ్ళనే తలలూపించారు. మన ప్రాంతపు నాదస్వర పరంపరలోనివారే షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. ఒక ఆడమనిషి ఆ బరువైన వాద్యానికి అంత ఊపిరి పోయడం తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అలాంటి పరంపర ఉన్న చోట, మనం మేళాన్ని డబ్బిచ్చి పిలిపించి, తాళికట్టగానే బంతిలో సీటు కోసం పరిగెత్తుతాం. వాయించేవాళ్ళు ఖాళీ కుర్చీలకు కల్యాణి వినిపిస్తుంటారు. వాళ్ళు ఎన్నడైనా "మా రాగం వినలేదు, నష్టపరిహారం కట్టండి" అని అడిగారా? కచేరీలోనూ అంతే. మూడు గంటలూ ఫోను ఎత్తిపట్టుకుని చిన్న తెరలో చూసేవాళ్ళు, పాట మధ్యలో పాప్‌కార్ను కోసం మోకాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళు, "ఆ పాట కాదు, ఈ పాట" అని అరిచేవాళ్ళు స్వరం జారిందని లెక్కకట్టడానికి అర్హులేనా?

ఇక తీర్పు. వదినగారికి నా మాట: మీ మూడువేలకు మీరు అడగాల్సినవి, నిజమైన గొంతు, చేసుకొచ్చిన సాధన, చెప్పిన పాటలు, చెప్పిన వేళ, మీ కుర్చీ మీకు, క్షేమంగా ఇల్లుచేరే దారి. వీటిలో ఏది తగ్గినా గట్టిగా అడగండి, మీ వెనక నేనుంటాను. స్వరం జారనే కూడదని మాత్రం అడక్కండి. అది కావాలంటే ఇంట్లో రికార్డుంది, చవక కూడాను. పిన్నిగారికి నా మాట: మీ దణ్ణాన్ని కాస్త తగ్గించి, చెవిని కాస్త పెంచండి. పెద్దవాళ్ళకు పెట్టే దణ్ణంలో పావువంతు ఓర్పు చిన్నవాళ్ళకు మిగల్చండి.

ఇది చెబితే రెండు పార్టీలూ ఏకమై నామీద పడ్డారు. "ఎటూ తేల్చలేదు" అన్నారు. పోనీండి, వచ్చేనెల చీటీ పాట ఎటూ ఉంది. ఈలోగా శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గర పాటలుంటాయి. మైకు కీచుమన్నా, గొంతు జీరపోయినా, తెల్లవార్లూ పాడే పిల్లలు అక్కడుంటారు. టిక్కెట్టు లేదు. వెళ్ళి, ఒక్క పాటైనా ఫోను సంచిలో పెట్టుకుని వినిరండి. తర్వాత మాట్లాడుకుందాం.